ముందు నవ్వించే పుస్తకం ఇవ్వండి
(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా గుంటూరులో ఒక సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పెద్దలకూ, కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలకూ నమస్కారం.

నవంబరు 14 నుంచి 20 దాకా ఈ వారం రోజులూ గ్రంథాలయాల విలువ గురించి చాలామంది పెద్దలు మాట్లాడతారు. నాకు మాత్రం ఇక్కడివాళ్ళు వేరే పని అప్పజెప్పారు. "మీకు ఇష్టమైన పుస్తకాలేవో చెప్పండి మేడం. విన్నవాళ్ళు ఇంటికి వెళ్ళేటప్పుడు ఒక పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళాలి" అన్నారు. బళ్ళో తెలుగు చెప్పి రిటైరైన మనిషికి ఇంతకంటే సంతోషమైన పని ఏముంటుంది!

నేను రైతుబజారులో కూరలు ఏరుకుంటూ ఉంటాను. పక్కనుంచి ఎవరో "మేడం, గుర్తుపట్టారా? ఫలానా వాడి అమ్మని" అంటారు. రెండు నిమిషాల్లో అసలు సంగతికి వస్తారు. "వాడు పుస్తకం ముట్టుకోవడం లేదండీ. ఫోను తప్ప వేరే లోకం లేదు. ఏదైనా మంచి పుస్తకం చెప్పండి, కాస్త బుద్ధి వస్తుంది." చిక్కంతా ఆ ఆఖరి మాటలో ఉంది. బుద్ధి రావాలని చేతిలో పెట్టిన పుస్తకాన్ని ఏ పిల్లవాడూ తెరవడు. పిల్లల దాకా ఎందుకు, మనమే తెరవం. పెళ్ళిరోజుకీ పుట్టినరోజుకీ వచ్చిన వ్యక్తిత్వ వికాస పుస్తకాలు ఎన్ని ఇళ్ళల్లో అట్ట నలగకుండా షోకేసులో ఉన్నాయో మీకూ తెలుసు.

అందుకని నేను చెప్పేది ఒకటే. ముందు నవ్వించే పుస్తకం ఇవ్వండి. చదవడం మానేసిన మనిషికైనా, అసలు మొదలుపెట్టని మనిషికైనా. రెండో పుస్తకం సంగతి వాళ్ళే వచ్చి అడుగుతారు.

ఇలా అనగానే, "నవ్వులాట పుస్తకాలు కాదు మేడం, మంచివి చెప్పండి" అంటారు. అక్కడ మాత్రం నేను గట్టిగా దెబ్బలాడతాను. తెలుగులో మంచి వచనం రాసినవాళ్ళ పేర్లు వరసగా చెప్పుకోండి. గురజాడ, పానుగంటి, చిలకమర్తి, మొక్కపాటి, భమిడిపాటి, మునిమాణిక్యం, ముళ్ళపూడి, పతంజలి. అందరూ నవ్వించినవాళ్ళే. నవ్వించడానికి రాసినవాడు ఒక్క మాట ఎక్కువ వాడలేడు, ఒక్క మాట తక్కువ పెట్టలేడు. వాక్యం కాస్త బరువైతే నవ్వు చచ్చిపోతుంది. కన్నీళ్ళు పెట్టించడానికి అంత కొలత అక్కర్లేదని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు, టీ తాగేటప్పుడు మాట్లాడుకుందాం.

మొదటి పుస్తకం కన్యాశుల్కం. పేరు వినని తెలుగువాడు లేడు. మొదట్నుంచి చివరిదాకా చదివినవాళ్ళు చేతులెత్తండి అంటే మాత్రం హాలు ప్రశాంతంగా ఉంటుంది, ఇప్పుడు ఉన్నట్టే. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, మనం ఇప్పుడు చదువుతున్నది గురజాడ బాగా పెంచి తిరగరాసిన 1909 నాటి పాఠం. పెద్ద నాటకమని భయపడకండి. రెండో అంకంలో ఒక్క సన్నివేశం చెబుతాను.

గిరీశం పట్నంలో అప్పుల బాధ పడలేక, శిష్యుడు వెంకటేశానికి శలవుల్లో చదువు చెప్పే మిషతో వాళ్ళ అగ్రహారానికి చేరతాడు. వెంకటేశం పరీక్ష తప్పాడు. ఆ సంగతి ఇంట్లో తెలియదు. తల్లి వెంకమ్మకు కొడుకు చదువంటే ప్రాణం. ఆవిడ గిరీశాన్ని ఎంతో ముచ్చటగా అడుగుతుంది, మా అబ్బాయీ మీరూ ఒక్కసారి ఇంగిలీషు మాట్లాడండి బాబూ అని. చూడండి ఆ తల్లి కోరిక! గిరీశం ఏమాత్రం తడుముకోకుండా "ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్" అందుకుంటాడు. వెంకటేశం బిక్కచచ్చిపోయి, వాచకంలో తనకు వచ్చిన ముక్క "దేరీజ్ ఎ వైట్ మ్యాన్ ఇన్ ది టెంట్" అని వదులుతాడు. గుడారంలో తెల్లవాడున్నాడు అని. గిరీశం ఇంకో పద్యం. దానికి వెంకటేశం జవాబు ట్రెపీజియం భుజాల గురించి. గిరీశం మళ్ళీ ఏదో అంటాడు, ఈసారి వెంకటేశం వ్యాకరణం పాఠం, ఎఫ్‌తో అంతమయ్యే నామవాచకాలకు బహువచనం ఎలా వస్తుందో! వెంకమ్మ మురిసిపోయి ఈ మాటలకు అర్థమేమిటి బాబూ అంటే, ఈ శలవుల్లో ఏయే విధంగా చదవాలో మాట్లాడుకుంటున్నామండీ అంటాడు గిరీశం.

ఈ సన్నివేశం నేను తరగతిలో చదివినప్పుడల్లా పిల్లలు బల్లలు చరిచి నవ్వేవాళ్ళు. ఎందుకంటే వాళ్ళ ఇళ్ళల్లో ఆ ఆదివారమే అది జరిగి ఉంటుంది. చుట్టాలు వస్తారు, కాఫీలు అవుతాయి, "అంకుల్‌కి ఇంగ్లీషులో రైమ్ చెప్పమ్మా" అంటారు. నూట ముప్పై ఏళ్ళు దాటింది, వెంకమ్మ ఇంకా మన హాల్లో సోఫాలోనే కూర్చుని ఉంది. చదివి నవ్విన తల్లి తన బిడ్డను ఆ మర్నాడు కొంచెం వేరుగా చూస్తుంది. గురజాడ రాసింది ఆషామాషీ విషయం కాదు, అభం శుభం తెలియని ఆడపిల్లల్ని డబ్బు తీసుకుని ముసలివాళ్ళకు కట్టబెట్టే దురాచారం మీద. ఆ పని ఆయన నవ్వుతోనే చేశాడు. ఇది మామూలు ధైర్యం కాదు.

ఒక్క సలహా. కన్యాశుల్కాన్ని కళ్ళతో చదవకండి, నోటితో చదవండి. ఇంట్లో నలుగురుంటే నాలుగు పాత్రలు పంచుకోండి. మధురవాణి మాటలు మాత్రం బాగా చదవగలిగినవాళ్ళకే ఇవ్వండి, ఆ నాటకంలో అందరికంటే తెలివైన మనిషి ఆవిడే.

రెండోది బారిస్టర్ పార్వతీశం. మొక్కపాటి నరసింహశాస్త్రి గారిది, మొదటి భాగం 1924లో వచ్చింది. మొగలితుర్రు కుర్రవాడు, ఇంట్లో చెప్పకుండా బారిస్టరు చదవడానికి ఇంగ్లండు బయల్దేరతాడు. మద్రాసులో దొరల టోపీ అనుకుని దొరసానుల టోపీ కొనుక్కుని, దాన్ని పెట్టుకుని ఠీవిగా నడుస్తాడు. అందరూ తననే చూస్తుంటే తన దర్జాకి చూస్తున్నారనుకుంటాడు. ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చేది, పార్వతీశం కథంతా తనే చెబుతాడు, ఎక్కడా తనను తాను చిన్నబుచ్చుకోడు. తెలియనిచోట కూడా ధైర్యంగా అడుగేస్తాడు. అందుకే మనం అతన్ని చూసి నవ్వుతూనే అతని పక్షాన ఉంటాం. ఓడ ఎక్కేసరికి మనకూ గుండె దడదడలాడుతుంది.

ఈ పుస్తకం ఎవరికివ్వాలో కూడా చెబుతాను. ఈ జిల్లాలో వీధికి నలుగురు పిల్లలు అమెరికా వెళుతున్నారు. సూట్‌కేసు 23 కిలోలు దాటకుండా కాటా మీద పెట్టి, దింపి, గోంగూర తీసి కందిపొడి పెట్టి, కందిపొడి తీసి మళ్ళీ గోంగూర పెట్టి, ఇల్లంతా టెన్షన్. ఆ సూట్‌కేసులో ఒక మూల పార్వతీశాన్ని పెట్టండి. అక్కడ మొదటి చలికాలంలో, హీటరు ఎలా వెయ్యాలో తెలియని రాత్రి, వందేళ్ళ కిందటే తనలాంటి ఒక కుర్రాడు ఇంతకంటే అయోమయంలో పడి బయటపడ్డాడని తెలిస్తే ఆ పిల్లకో పిల్లవాడికో ఎంత ధైర్యం!

విశ్వనాథ సత్యనారాయణ గారి పేరు చెబితే జనం వేయిపడగలు లావు తలుచుకుని రెండడుగులు వెనక్కి వేస్తారు. జ్ఞానపీఠం, రామాయణ కల్పవృక్షం, ఆ గంభీరమైన ముఖం! విజయవాడలో ఎస్సారార్ కాలేజీలో ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన ఆ మనిషే 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు' అని ఒక చిన్న నవల రాశారు. పంచతంత్రం రాసిన విష్ణుశర్మ, మన తిక్కన సోమయాజి, ఇద్దరూ కలిసి ఒక లెక్చరర్ దగ్గర ప్రత్యక్షమై మాకు ఇంగ్లీషు నేర్పమంటారు. రాజకుమారులకు నీతి నేర్పిన పండితుడు విద్యార్థిగా కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించండి. ప్రతిదానికీ ఎందుకు అంటాడు. జవాబు చెప్పలేక ఇక్కడ మాస్టారికి చెమటలు. నేను టీచర్లందరికీ ఈ పుస్తకం చెబుతాను. తరగతిలో విష్ణుశర్మ లాంటి పిల్లవాడు ఒకడు ఉంటే ఎంత అదృష్టమో ఇది చదివితే తెలుస్తుంది. విశ్వనాథ వారింట్లోకి ఈ చిన్న తలుపులోంచి వెళ్ళండి. లోపలికి వెళ్ళాక వేయిపడగలు పెద్ద హాలు, ఎప్పుడైనా చూడొచ్చు.

ఇక మన జిల్లా. తెనాలి పేరు చెబితేనే నవ్వు గుర్తొచ్చే దేశం మనది, రామలింగడి పుణ్యాన. ఆ తెనాలి దగ్గర సంగం జాగర్లమూడిలో పుట్టినవాడు మునిమాణిక్యం నరసింహారావు గారు. కాంతం కథలు ఆయనవి. మొగుడూ పెళ్ళాల మాటల్లోంచి ఇంత సాహిత్యం తియ్యొచ్చని తెలుగువాళ్ళకు చూపించినాయన. కాంతం ఎదురు చెబుతుంది, వెక్కిరిస్తుంది, అలుగుతుంది, చివరికి గెలుస్తుంది. అయితే కథ చెప్పేది మాత్రం ఎప్పుడూ మొగుడే. అందుకని కొత్త దంపతులకు పుస్తకాలిస్తే నేను ఒకటి ఇవ్వను, రెండిస్తాను. కాంతం కథలతో పాటు రంగనాయకమ్మ గారి స్వీట్ హోమ్. అందులో బుచ్చిబాబు, విమల. ఒకరినొకరు ఏడిపించుకోవడం ఇక్కడా ఉంది, కానీ నవ్వుతూ నవ్వుతూనే ఇంట్లో ఆడమనిషి సమయం ఎవరిది, ఆమె డబ్బు ఎవరిది, ఆమె ఇష్టం ఎవరిది అన్న లెక్కలన్నీ బయటికి వస్తాయి. అతను మొదటిది చదవాలి, ఆమె రెండోది చదవాలి, తర్వాత మార్చుకోవాలి. పెళ్ళికి డిన్నర్ సెట్టు ఇచ్చేవాళ్ళు ఎలాగూ ఉంటారు.

అత్తగారి కథలు గురించి కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఏమనుకోకండి. భానుమతి గారు నటి, గాయని, దర్శకురాలు, ఇవన్నీ అందరికీ తెలుసు. ఆవిడ తెలుగులో మొదటి వరస హాస్య రచయిత్రి అన్న సంగతి మాత్రం ఈ తరానికి చేరలేదు. మడీ ఆచారం పట్టుదలా ఉన్న ఒక అత్తగారు, ఆవిణ్ణి ఎంతో ప్రేమగా గమనించే ఒక కోడలు.

మా అత్తగారికి శుక్లాల ఆపరేషన్ అయింది. నల్ల కళ్ళద్దాలు, పూటపూటా చుక్కల మందు, టీవీ చూడకూడదు, వంగకూడదు, తుమ్మకూడదు, దగ్గకూడదు. సీరియల్ ఏమైందో తెలియక ఆవిడకు పిచ్చెక్కినట్టయింది. మంచం పక్కన కూర్చుని అత్తగారి కథలు తీశాను. మొదట్లో ఆవిడకు అనుమానం. "ఎవరి గురించి ఆ పుస్తకం?" అన్నారు. సినిమా ఆవిడ వాళ్ళ అత్తగారి గురించి రాసుకున్నదని చెప్పాను. ఆవకాయ కథ మొదలుపెట్టాను. ఆవకాయ అనగానే ఆవిడ దిండు సర్దుకుని సరిగ్గా కూర్చున్నారు. కారం ఎంత పోసింది, ఆవపిండి కొత్తదేనా, నువ్వుల నూనేనా, ప్రతి వాక్యానికీ ఆపి అడుగుతున్నారు. పుస్తకంలో రాసినంతే నాకు తెలుసు కదా! కాసేపటికి పెదవులు బిగబట్టారు. తర్వాత భుజాలు కదిలాయి. ఆ తర్వాత ఇక ఆగలేదు. నేను భయపడిపోయి పుస్తకం మూసేశాను. కన్ను అదిరితే కుట్లు కదులుతాయేమోనని నా కంగారు. "మూస్తావేంటే, డాక్టరు తుమ్మొద్దన్నాడు గానీ నవ్వొద్దన్నాడా?" అన్నారు ఆవిడ.

చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టరు గారిని ఆ మాటే అడిగారు కూడా. ఆయన నవ్వి, నవ్వండమ్మా, చేత్తో మాత్రం రుద్దుకోకండి అన్నారు. ఆ వారంలో మా ఇద్దరి మధ్య మాటలు మారాయి. "ఇదిగో, ఆ భానుమతి అత్తగారిలాగా చెయ్యకు" అని ఆవిడ నన్ను అనేవారు, నేను ఆవిణ్ణి అనేదాన్ని. అంతకుముందు అదే మాట సూటిగా అంటే రెండురోజులు మూగనోము పట్టేవాళ్ళం. ఇంట్లో చెప్పలేని మాటకు ఒక పాత్ర పేరు దొరకడం, పుస్తకాల వల్ల ఇలాంటి మేలు కూడా ఉంది.

బాబూ, వెనక నీలం చొక్కా, నువ్వేం చదువుతున్నావు? ఎంపీసీయా? నిన్ను చూస్తే ఒక విషయం చెప్పాలనిపిస్తోంది. గుంటూరు, విజయవాడ అంటే దేశమంతా కోచింగుల ఊళ్ళని పేరు. పదో తరగతి పరీక్షలైన మర్నాటి నుంచే ఇంటర్ పాఠాలు. పొద్దున చీకటితో లేచి రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లు. ఆ రెండేళ్ళలో పిల్లల చేతికి కథ అనేదే అందదు. బళ్ళో నా దగ్గర గ్రంథాలయం పీరియడ్‌లో పుస్తకం కోసం కొట్టుకున్న పిల్లలే, ఇంటర్ అయ్యాక కనపడి "చదవడం పోయింది మేడం" అంటారు. ఇది విని నాకు నిద్ర పట్టని రాత్రులున్నాయి. తల్లిదండ్రులకు చేతులెత్తి చెబుతున్నాను. ర్యాంకు ఎక్కడికీ పోదు. పడుకోబోయే ముందు పది నిమిషాలు, నాలుగు పేజీలు, బుడుగు.

ముళ్ళపూడి వెంకటరమణ గారు 1956, 57 ప్రాంతాల్లో ఆంధ్ర పత్రిక వారపత్రికలో రాశారు, బాపు గారి బొమ్మలతో. చిన్నపిల్లల పుస్తకం అనుకుని పెద్దపిల్లలకు ఇవ్వరు. పొరపాటు. బుడుగు పిల్లల గురించి కాదు, పిల్లవాడి ఎత్తులోంచి కనపడే పెద్దవాళ్ళ గురించి. బామ్మ, బాబాయి, రెండుజళ్ళ సీత, సీగానపెసూనాంబ. ఇరవై ఏళ్ళప్పుడు బాబాయి మీద నవ్వుతాం, నలభై ఏళ్ళకు నాన్న మీద జాలిపడతాం, అరవై దాటాక బామ్మ మాట్లాడినప్పుడల్లా తలాడిస్తాం. ఇప్పుడు నేను బామ్మ దగ్గరున్నాను.

ఆడపిల్లలకు, అబ్బాయిలకు కూడా, సోమరాజు సుశీల గారి ఇల్లేరమ్మ కతలు. ఒక చురుకైన పిల్ల చెప్పే ఇంటి కబుర్లు. బుడుగుకి చెల్లెలు లేదని బెంగపడ్డవాళ్ళు ఇది చదివి తేరుకుంటారు.

మన మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేసే ఒకాయన, మా వీధే, ఎండాకాలం యార్డుకు సెలవులిచ్చినప్పుడు ఏదైనా పుస్తకం ఇవ్వండి అని వచ్చాడు. రోజంతా బస్తాలు, కాటాలు, ఎవరికెంత బాకీ అన్న లెక్కలతో బతికే మనిషి. నేను కాసేపు ఆలోచించి ఋణానందలహరి ఇచ్చాను. అదీ ముళ్ళపూడి వారిదే. అప్పు చెయ్యడాన్ని ఒక కళగా సాధన చేసిన అప్పారావు కథ. అడిగే తీరు చూస్తే ఇచ్చేవాడికే మొహమాటం వేస్తుంది. వారం తిరక్కుండా ఆయన తిరిగొచ్చాడు. "మేడం, ఈ అప్పారావు మా యార్డులో ఉన్నాడు. పేరే వేరు. నాకు పోయినేడు నుంచీ బాకీ." అని, "కోపం రావడం లేదండీ ఇప్పుడు, వాడు వస్తుంటే ఏ కథ చెబుతాడా అని చూస్తున్నా" అన్నాడు. బాకీ వసూలైందో లేదో నేనడగలేదు. ఆయన మాత్రం ఆ తర్వాత చిలకమర్తి వారి గణపతి చదివాడు, మిథునం చదివాడు. పుస్తకం చెప్పేముందు మనిషిని చూడాలని నేను అనేది ఇందుకే. ఆయనకు ఇంకేదో పెద్ద పుస్తకం ఇచ్చి ఉంటే దాన్ని జాగ్రత్తగా అట్ట వేసి తిరిగిచ్చేవాడు.

మిథునం అన్నాను కదా. శ్రీరమణ గారు మన వేమూరు వైపువారు. అప్పదాసు, బుచ్చిలక్ష్మి, ముసలి మొగుడూ పెళ్ళాం, పెరడు, తిండి, పోట్లాటలు, అంతే కథ. బాపు గారు ముచ్చటపడి కథ మొత్తం తన చేతిరాతతో రాశారు. 2012లో తనికెళ్ళ భరణి గారు సినిమా తీస్తే బాలసుబ్రహ్మణ్యం గారు, లక్ష్మి గారు చేశారు. సినిమా చూశాం కదా అని కథ వదిలెయ్యకండి. ఆ వాక్యాల్లో ఉన్న రుచి తెరమీదికి పూర్తిగా రాదు. భోజనం ముందు చదవకండి, ఆకలి ఆగదు.

అమరావతి కథలు కూడా చెప్పాలి. సత్యం శంకరమంచి గారు కృష్ణ ఒడ్డున ఆ ఊళ్ళో మనుషుల్ని చిన్న చిన్న కథల్లో కట్టిపెట్టారు. శ్యామ్ బెనెగల్ వాటిని హిందీలో టీవీ సీరియల్‌గా తీశారు. అన్నీ నవ్వు కథలు కావు. నవ్వించే కథ పక్కనే గొంతు పట్టేసే కథ ఉంటుంది. నవ్వు పుస్తకాలతో చదవడం అలవాటైన మనిషికి మూడోదో నాలుగోదో ఇది ఇవ్వండి, అక్కణ్ణుంచి మాలపల్లికి దారి దగ్గరే. మన గుంటూరు ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో కూర్చుని రాసిన నవల అది, ప్రభుత్వం నిషేధించిన నవల. దాన్ని మొదటి పుస్తకంగా ఇస్తే పిల్లలు భయపడతారు. ఐదో పుస్తకంగా ఇవ్వండి, వదలరు.

టీవీలో చర్చలు చూసి ఇంట్లో అరుచుకునే తండ్రీ కొడుకులున్నారా? వాళ్ళకు పతంజలి గారి గోపాత్రుడు. అలమండలో ఒకాయన భూమి బల్లపరుపుగా ఉందంటాడు. అంతే, ఊరు రెండుగా చీలిపోతుంది. గుండ్రమనేవాళ్ళు ఒకవైపు, బల్లపరుపనేవాళ్ళు ఒకవైపు. భూమి ఎలా ఉందన్నది ఎవరికీ పట్టదు, ఎవరి పక్షాన ఎవరున్నారన్నదే పట్టింపు. తర్వాత సంగతి కోర్టు దాకా వెళుతుంది, అది పిలకతిరుగుడు పువ్వు అనే ఇంకో నవల. ఇది చదివిన ఇంట్లో చర్చ మొదలైతే ఎవరో ఒకరు "గుండ్రమా, బల్లపరుపా?" అంటారు, గొడవ అక్కడితో సరి.

రాయలసీమ వాళ్ళు నన్ను కోప్పడకముందే చెప్పేస్తాను, నామిని గారి సినబ్బ కథలు, మిట్టూరోడి కథలు. నెల్లూరు వైపు ఖదీర్ బాబు గారి దర్గామిట్ట కథలు. ఆ యాసలో గట్టిగా చదివితే మొదటి పేజీ కొంచెం తడబడతారు, రెండో పేజీకి మీరూ అలాగే మాట్లాడతారు. గోదావరి జిల్లాల తిండి కబుర్లకు వంశీ గారి మా పసలపూడి కథలు. పానుగంటి వారి సాక్షి వ్యాసాల గురించి రెండు ముక్కలు. జంఘాలశాస్త్రి ఉపన్యాసాలు ఇప్పటి పిల్లలకు మొదట్లోనే ఇవ్వకండి, వాక్యాలు పొడుగు. రుచి తెలిశాక ఒక్కో వ్యాసం చొప్పున.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి అంటారా? ఇక్కడే, ఈ గ్రంథాలయాల్లో, చాలావరకు ఉన్నాయి. కార్డు లేనివాళ్ళు ఇవాళే రాయించుకోండి. కొనాలంటే గంట ప్రయాణం చేసి బెజవాడ ఏలూరు రోడ్డుకు వెళ్ళండి, ఒక పూట చాలదు. జనవరిలో అక్కడ పుస్తక మహోత్సవం ఎలాగూ ఉంటుంది. పిల్లలకు డబ్బులిచ్చి వదిలెయ్యండి, ఏం కొన్నారని వెంటనే అడగకండి. గురజాడ, పానుగంటి లాంటి పాతవాళ్ళ రచనలు తెలుగు వికీసోర్స్‌లో ఉచితంగా ఉన్నాయి, ఫోన్లో చదువుకోవచ్చు. ఫోన్లో చదివినా చదువే.

పుస్తకం దొరకలేదన్న మాట మాత్రం ఈ జిల్లా మనిషి అనకూడదు. 1935లో పెదపాలెం సేవాశ్రమం నుంచి పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించారు. పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద ఆ పడవ పుస్తకాలతో తిరిగేది. గట్టున ఉన్న ఊళ్ళవాళ్ళకు చదువుకోవడానికి పుస్తకాలు వాళ్ళ రేవుకే వచ్చేవి. అంతకు ముందే, 1914లో, బెజవాడలో గ్రంథాలయాలన్నీ కలిసి సంఘం పెట్టుకున్నాయి, అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికోసం జీవితమంతా తిరిగారు. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నుంచి ఉంది. మన తాతల కాలంలో పుస్తకం పడవెక్కి మనిషి దగ్గరికి వచ్చింది. మనం మన వీధి చివరిదాకా నడవలేమా?

ఇంకొక్క మాట, ఇంటికెళ్ళి ఆచరించడానికి. వారానికి ఒక్క రాత్రి, భోజనాలయ్యాక, టీవీ ఆపి, ఒకరు చదవండి, మిగతావాళ్ళు వినండి. అరగంట. కరెంటు పోయినప్పుడు మొదలుపెడితే ఇంకా సులువు, అప్పుడు ఎవరికీ వేరే పని ఉండదు. మొదటి వారం పార్వతీశం టోపీ. రెండోవారం మీ ఇష్టం.

నేను చెప్పాల్సినవి చెప్పాను, మీ దగ్గర ఉన్నవి ఇంకా వినలేదు. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరిని పగలబడి నవ్వించిన పుస్తకం ఒకటి ఉంటుంది, దాని పేరు నాకు కావాలి. నోట్‌బుక్కు తెచ్చుకున్నాను. నీలం చొక్కా అబ్బాయ్, మైకు ముందు ఆ అమ్మగారికి ఇవ్వు, ఆవిడ ఇందాకట్నుంచీ ఏదో చెప్పాలని చూస్తున్నారు. చెప్పండమ్మా, పుస్తకం పేరేంటి?